ఒక పక్కనే పసుపు గీత

ఫిబ్రవరి 3, సోమవారం

ఇష్బెల్ కుట్టేటప్పుడు తన వేళ్ళవైపు చూడదు. ఈ ఒక్క ముక్క రాసుకోడానికే పుస్తకం తెరిచాను. కిటికీలోంచి బస్‌స్టాప్ చూస్తుంది. నిన్న పబ్బులో ఎవరు ఎవరి మొహాన బీరు పోశారో చెబుతుంది. మధ్యమధ్యలో బ్రైడీ కొరుకుతుంది; ఆ మాంసం పఫ్ పొడి ఒక్క రేణువు కూడా బట్ట మీద పడదు. సూది మాత్రం దాని పని అది చేసుకుపోతూ ఉంటుంది.

సాయంత్రం అత్త వచ్చి ఆమె కుట్టిన కుచ్చిళ్ళు బొటనవేలితో తడిమింది. "కుట్టు ఎక్కడుందే?" అంది. నలభై ఏళ్ళుగా ఈ క్రీఫ్ ఊళ్ళో కిల్టులు, అంటే మగవాళ్ళు కట్టుకునే గళ్ళ కుచ్చిళ్ళ పావడాలు, కుడుతున్న మా నెటా అత్త నోట అంతకంటే పెద్ద మెప్పు రాదు. తర్వాత నావి తడిమింది. నా కుట్టు ఎక్కడుందో అడగాల్సిన అవసరం ఆమెకి రాలేదు.

గ్లాస్గోలో నాలుగేళ్ళు బట్టల చరిత్ర చదివాను. కిల్ట్ కుచ్చిళ్ళు రెండొందల ఏళ్ళలో ఎలా మారుతూ వచ్చాయో తొంభై పేజీలు రాశాను. ఎడింబరా మ్యూజియం వాళ్ళు ఉద్యోగం ఇవ్వకపోతే, చదివినదాన్ని చేత్తో కూడా నేర్చుకుందామని ఇక్కడికొచ్చాను. అందరికీ అలాగే చెప్పాను. ఇష్బెల్ పదహారేళ్ళకి బడి మానేసి చేపల బండి మీద పనిచేసింది. అత్త దగ్గర ఇద్దరం ఒకే ఏడాది చేరాం. నేను మూడు నెలలు ముందు.

మూడు నెలలు ముందు.

ఫిబ్రవరి 4

అత్త వేళ్ళ కీళ్ళకి ఇంక మందు లేదన్నాడట డాక్టరు. టీ తాగుతూ మామూలుగా చెప్పింది.

"ఈస్టర్‌కి దుకాణం తాళంచెవి మీ ఇద్దర్లో ఒకరికి ఇచ్చేస్తా. రెండోవాళ్ళు ఉంటే ఉండొచ్చు, పోతే పోవచ్చు. ఏడుపులు మాత్రం వద్దు."

"నేను ఏడవను నెటా గారూ, నాకిస్తే పారిపోతా" అంది ఇష్బెల్. అత్త నవ్వింది. నేనూ నవ్వాను, ఒక క్షణం ఆలస్యంగా.

అప్పుడు నావైపు తిరిగి, "తమ్ముడి కూతురివి కదాని నీకిస్తానని కలలు కనకు మోర్వెన్" అంది. ఆ మాట విడిగా పిలిచి చెప్పొచ్చు.

ఈ దుకాణం నాకు రావాలి. రాసి చూసుకుంటే ఎలా ఉంటుందోనని రాశాను. నిజంగానే ఉంది.

ఫిబ్రవరి 6

లాక్లన్ అని ఒకతను వచ్చాడు. తల వంచుకుని గుమ్మం దాటాడు, అంత పొడుగు. మార్చి ఎనిమిదిన పెళ్ళి. వాళ్ళ ముత్తవ్వ శాలువాలోంచి మిగిలిన అరచేతంత గుడ్డముక్క తెచ్చాడు. ఈ టార్టన్, అంటే ఈ గళ్ళ వరస, ఏ పుస్తకంలోనూ లేదట, వాళ్ళ లోయలో ఎవరో ఆవిడ కోసమే నేసిందట. "ముత్తవ్వ కట్టుకున్న గళ్ళే కట్టుకుని పెళ్ళి చేసుకోవాలని ఉందండీ. అమ్మ కూడా అదే అంటోంది" అన్నాడు. చెప్పి సిగ్గుపడ్డాడు.

నేతగాడికి పంపడానికి దారాలు లెక్కపెట్టే పని అత్త నాకే ఇచ్చింది. ఇలాంటివి నాకే ఇస్తుంది.

భూతద్దం పెట్టి మూడుసార్లు లెక్కపెట్టాను. మొదటిసారి పురుగు కొట్టిందేమో అనుకున్నాను. కాదు. పచ్చ, నలుపు, ఎరుపు. ఎర్ర పట్టీకి ఒక పక్కన మాత్రమే సన్నటి పసుపు గీత. రెండో పక్క లేదు. మేం కుట్టే టార్టన్లన్నీ ఒక పట్టీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చిన దారినే వెనక్కొస్తాయి. అటునుంచి చూసినా ఇటునుంచి చూసినా ఒకటే. ఇది వెనక్కి రాదు. ముందుకే పోతుంది. పుస్తకాల్లో చదివానుగానీ చేతిలో పట్టుకోవడం ఇదే మొదటిసారి. అత్త కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చూసి, "పచ్చా ఎరుపూ, బావుంది" అని వెళ్ళిపోయింది. ఇష్బెల్ చూసి "ముద్దుగా ఉంది" అంది.

ఎవరికీ కనపడలేదు. నాకొక్కదానికే.

ఫిబ్రవరి 7

ఇష్బెల్ నేతగాడు ఆర్చీకి ఫోన్ చేసి ఆర్డరిచ్చింది. నాలుగు గజాలు, జంట వెడల్పు, ఎప్పటిలాగే. ఆర్చీ రెండు వారాల్లో ఇస్తానన్నాడు. నేనప్పుడు లెక్క సరిచూస్తున్నాను.

ఫోన్లో ఇరవై నిమిషాలు నవ్వుకున్నారు. నేను చేస్తే "ఊరూ పేరూ చెప్పండి" అంటాడు ఆ మనిషి.

ఫిబ్రవరి 8

మంచు. పగలంతా ఏమీ లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఊరి హాల్లో నిన్న డాన్సు. వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. ఎనిమిది మంది కలిసి ఆడే దాంట్లో నేను ఎప్పుడూ ఒక చెయ్యి పట్టుకోవాల్సినచోట ఇంకో చెయ్యి పట్టుకుంటాను. ఇష్బెల్ నన్ను నడుం పట్టి సరైన చోటికి తిప్పి నిలబెట్టింది, ఆట ఆపకుండానే. "అటు కాదు ప్రొఫెసరమ్మా, ఇటు." అందరూ నవ్వారు, వెక్కిరింపుగా కాదు. వెక్కిరింపుగా నవ్వి ఉంటే బావుండేది.

ఆమె జుట్టు ఎర్రగా, ఎక్కువగా ఉంటుంది. దీనికీ కిల్టులకీ సంబంధం లేదని తెలుసు.

ఫిబ్రవరి 12

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళొచ్చేసరికి నేను కుట్టిన ఆరు కుచ్చిళ్ళు విప్పి మళ్ళీ కుట్టి ఉన్నాయి. ఎవరు కుట్టారో అడగక్కర్లేదు. కుట్టు కనపడటం లేదు.

"కాస్త బిగిసిపోయాయి, మీ అత్త చూసేలోపు సర్దేశా. ఏమనుకోకు" అంది.

"ఏమనుకుంటా? థాంక్స్" అన్నాను.

సాయంత్రం అత్త తడిమి, "అబ్బో, చెయ్యి తిరుగుతోందే మోర్వెన్" అంది. ఇష్బెల్ దారం కొరుకుతూ నన్ను చూసి కన్నుగీటింది. ఆమెని అసహ్యించుకోడానికి నాకు ఏ ఒక్క వీలూ ఇవ్వదు. ఇది చాలా పెద్ద తప్పు ఆమెలో.

ఫిబ్రవరి 14

ఆ నాలుగు గజాల సంగతి.

ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. జంట వెడల్పు బట్టని నిడివిగా మధ్యకి చింపి, రెండు ముక్కలూ పక్కపక్కన అతికి ఎనిమిది గజాలు చేస్తాం. కిల్టుకి కింద మడిచి కుట్టడం ఉండదు, మగ్గం మీద వచ్చిన గట్టి అంచే కిందికి రావాలి. రెండు ముక్కలకీ అంచు కిందికి రావాలంటే ఒకదాన్ని తలకిందులుగా తిప్పాలి. మామూలు టార్టన్‌కి తిప్పినా ఫరవాలేదు, ఎటునుంచైనా ఒకటే కాబట్టి. ఇది తిప్పితే పసుపు గీత రెండో పక్కకి పోతుంది. సగం కిల్టు ఒకలా, సగం ఇంకోలా. దీనికి ఒంటి వెడల్పు ఎనిమిది గజాలు నేయించాలి.

ఇది ఇష్బెల్‌కి తెలిసి ఉండాలి. గుడ్డముక్క బల్ల మీదే ఉంది. ఆర్డరిచ్చేవాళ్ళు ముందు చూసుకోవాలి. నా పని దారాలు లెక్కపెట్టడం, నేను సరిగ్గా లెక్కపెట్టాను. ఎవరైనా అడిగితే కదా చెప్పేది.

ఫిబ్రవరి 15

ఆర్చీ మగ్గం ఎక్కించి ఉండడు ఇంకా. ఫోన్ చేస్తే చాలు.

ఫిబ్రవరి 16

ఆదివారం కాబట్టి ఫోన్ ఎత్తడు.

ఫిబ్రవరి 17

జలుబు. దుకాణానికి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

బట్ట వచ్చింది. అంత అందమైన బట్ట నేనెప్పుడూ చూడలేదు. లాక్లన్ వాళ్ళ ముత్తవ్వ ఎవరోగానీ ఏ రంగు పక్కన ఏది ఉండాలో ఆవిడకి తెలుసు, లేదా ఆవిడ కోసం నేసినవాళ్ళకి తెలుసు.

ఇష్బెల్ మధ్యలో కత్తెర గాటు పెట్టి చర్రున చింపేసింది. ఒక ముక్క తిప్పి రెండోదాని పక్కన పరిచి, అతికే చోట గళ్ళు కలుపుతోంది. పచ్చకి పచ్చ, నలుపుకి నలుపు, ఎరుపుకి ఎరుపు. పిన్ను నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ జరిపింది. మళ్ళీ ఆగింది. అత్త లేచి వచ్చింది.

"ఏంటే?"

"పసుపు కలవట్లేదు."

"కలవకపోవడమేంటి, ఇటు జరుపు." అత్త తనే జరిపింది. కళ్ళజోడు దించుకుంది. చాలాసేపు వంగే ఉంది. "ఇక్కడ పైన ఉంది, అక్కడ కింద ఉంది" అంది, తనలో తను అనుకున్నట్టు. తర్వాత మామూలు గొంతుతో, "దీనికి జంట వెడల్పు ఎవరు చెప్పారు?"

"నేనే" అంది ఇష్బెల్.

ఆర్చీకి ఫోన్ చేసింది అత్త. "మీరు చెప్పిందే నేశాను, మీకు తెలిసే ఉంటుందనుకున్నా. ఇప్పుడు మగ్గం మీద బ్యాండువాళ్ళ బట్ట ఎక్కింది, మే నెలదాకా దిగదు" అన్నాడట. లాక్లన్ పొడుగుకి బట్ట వెడల్పంతా కావాలి కాబట్టి, తిప్పకుండా కింద మడిచి కుడదామన్నా కుదరదు.

"చేపల మీద పొలుసు గీకే చేతికి బట్ట ఇచ్చాను చూడు, నాదీ తప్పు" అంది అత్త.

ఇష్బెల్ పిన్ను నోట్లోంచి తీసింది. "తప్పు నాదే నెటా గారూ. నేనే చూసుకోవాల్సింది" అంది. అని ఒకసారి నావైపు చూసింది. ఒక్కసారే. నేను దారం ఉండ చుడుతున్నాను.

అయ్యో అనిపించలేదు. అదేంటో రాయాలి. తేలిగ్గా అనిపించింది, బిగుతు బూట్లు విప్పినట్టు.

ఫిబ్రవరి 21

ఏడో తారీకున ఇష్బెల్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, దాని మీద చెయ్యి మూసి, "ప్రొఫెసరమ్మా, నాలుగు గజాలు చాలు కదా దీనికి?" అని అడిగింది.

నేను "ఊఁ" అన్నాను.

భూతద్దంలోంచి తల కూడా ఎత్తలేదు. లెక్కలో ఉన్నానని చెప్పుకోవచ్చు. లెక్క అప్పటికే అయిపోయింది.

ఫిబ్రవరి 22

నిద్ర లేస్తూనే తట్టింది. నా తొంభై పేజీల్లోనే ఉంది. పాతకాలంలో కిల్టుకి ఎనిమిది గజాలు పట్టేవి కావు, నాలుగే. ఇప్పటిలా అన్నీ ఒకే వైపు మడిచే సన్నటి కత్తి కుచ్చిళ్ళు కాదు, రెండు వైపులా మడిచే వెడల్పాటి బాక్సు కుచ్చిళ్ళు, అవీ కొన్నే. చింపిన రెండు ముక్కల్లో ఒక్కటి చాలు. తిప్పే పనే లేదు.

పరిగెత్తినట్టే వెళ్ళాను. అత్త ముందు ఒప్పుకోలేదు. "నాలుగు గజాలా? అది టూరిస్టులు కొనుక్కుపోయే గుడ్డపీలిక."

"కాదత్తా, ఇది చూడు." నా దగ్గరున్న ఫోటోలు పరిచాను. సైనికుల కిల్టు, వెనకవైపు. "లాక్లన్ ముత్తవ్వ తండ్రి కట్టుకున్నది ఇలాగే ఉండి ఉంటుంది."

అత్త ఫోటో చేతిలోకి తీసుకుంది. ఇష్బెల్ వంగి చూసి, వేలితో గాల్లో మడిచి, "ఎర్ర పట్టీని ప్రతి కుచ్చిలి నడుమన పెడితే పసుపు వరసగా ఒకే వైపు వస్తుంది. అద్భుతంగా ఉంటుంది" అంది. "మోర్వెన్, నువ్వు బతికించావు నన్ను."

అత్త లాక్లన్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ఇంకా సంతోషపడ్డాడు. ఫోన్ పెట్టేసి నాతో అంది: "కుట్టేవాళ్ళు దొరుకుతారు. దుకాణం నడపడానికి తెలిసినవాళ్ళు కావాలి. తాళంచెవి సంగతి నేనింక ఆలోచించక్కర్లేదు."

ఇష్బెల్ వింటూనే ఉంది. "నేనూ అదే అనబోతున్నా" అంది.

చాలా సంతోషంగా ఉంది నాకు. ఇది రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు.

ఫిబ్రవరి 26

కుట్టేది ఇష్బెలే. ఇంకెవరూ కుట్టలేరు, నాకా చెయ్యి లేదు, అత్తకి ఇప్పుడు లేదు. బస్‌స్టాప్ వైపు చూడటం మానేసింది. కబుర్లు లేవు. తన వేళ్ళవైపే చూస్తూ కుడుతోంది, నాలాగా.

ఫిబ్రవరి 28

నాన్న "కంగ్రాచ్యులేషన్స్" అన్నాడు. అత్త చెప్పేసిందన్నమాట. అమ్మ కేకు చేసింది. రెండు ముక్కలు తిన్నాను.

మార్చి 1

"ఆ రోజు నేనెలా చూసుకోలేదో అర్థం కావట్లేదు" అంది ఇష్బెల్ ఇవాళ, ఉన్నట్టుండి. నేను కెటిల్ ఆన్ చేశాను.

మార్చి 4, మంగళవారం

కిల్టు దాదాపు అయిపోయింది. లైనింగు మూసేముందు అత్త ఒక పద్ధతి పాటిస్తుంది: తెల్ల టేపు ముక్క మీద కుట్టినవాళ్ళ పేరు రాసి లోపల పెట్టి మూసేస్తారు. బయటికి కనపడదు. ఎప్పుడో బాగుచేయడానికి ఎవరైనా విప్పితే వాళ్ళకి కనిపిస్తుంది.

"దీనికి మోర్వెన్ పేరు పెట్టండి" అంది అత్త. "బుర్ర దానిదే కదా."

"న్యాయమే" అంది ఇష్బెల్. అని లైనింగు మూసే పని నాకే వదిలేసి డాక్టర్ దగ్గరికి వాళ్ళమ్మని తీసుకెళ్ళింది.

నేను ఇష్బెల్ పేరు రాశాను. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. లోపల పెట్టి మూసేశాను. మూసేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుకాణం దాటి ఇంటికొచ్చేదాకా, అన్నం తినేదాకా, ఒక మూడు గంటలపాటు, నేను చాలా మంచిదాన్ని.

మార్చి 5

నలభై ఏళ్ళకి ఎవరో విప్పితే బయటపడే మంచితనం. దుకాణం నాకు, పేరు ఆమెకి, అదీ కనపడని చోట. బేరం బానే ఉంది. ఇంతకంటే చవగ్గా ఎవరూ క్షమాపణ చెప్పుకోలేరు.

ఆమెకి తెలిస్తే ఏమవుతుంది? తాళంచెవి పోతుంది. అంతే. అంతే అని రాయడం తేలిక.

మార్చి 6, గురువారం

రేపు లాక్లన్ వస్తాడు. పొద్దున్న అత్త బ్యాంకుకి వెళ్ళినప్పుడు చెప్పేశాను.

ఇష్బెల్ కిల్టుని ఆవిరి ఇస్త్రీ చేస్తోంది. నేను ఎదురుగా నిలబడి, "ఆ టార్టన్ వెనక్కి తిరగదని నాకు ముందే తెలుసు. లెక్కపెట్టిన రోజే తెలుసు" అన్నాను.

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నేనడిగాను నిన్ను."

"అడిగావు."

"ఊఁ అన్నావు."

"నీకు గుర్తుందా?"

"గుర్తుండకపోవడమేంటి? రెండు వారాల నుంచీ అదే నాకు నేను చెప్పుకుంటున్నా. లెక్కలో ఉండి పరాకుగా అనుంటుంది పాపం, దాన్నెందుకు ఇరికించడం అని." గొంతు పెంచలేదు. "నీకు తెలుసు కాబట్టి అడిగాను మోర్వెన్. నాకు తెలీదు కాబట్టి అడిగాను. ఇంకెవర్ని అడుగుతా, బస్సు డ్రైవర్నా?"

"నువ్వంటే నాకు కుళ్ళు" అన్నాను. అది మాత్రమే వచ్చింది నోటికి.

"నా మీదా?" నిజంగానే ఆశ్చర్యపోయింది. చుట్టూ చూసింది, ఆ కుళ్ళుకి కారణం గదిలో ఎక్కడైనా ఉందేమోనన్నట్టు. "ఏముంది నా దగ్గర?"

"చేతులు."

తన చేతులు చూసుకుంది. మళ్ళీ నన్ను చూసింది, ఈసారి జాలి లేదు. "మన పోలిక అలా ఉంచు. తన పెళ్ళిలో ఆ పిల్లాడు సగం అటూ సగం ఇటూ ఉన్న గుడ్డ కట్టుకుని నిలబడి ఉంటే? నేను నీకు కనపడ్డాను, సరే. అతను కనపడలేదా?"

కనపడలేదు. ఆ మాట అక్కడ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. అంతసేపూ లాక్లన్ నాకు ఒక్కసారి కూడా కనపడలేదు.

"నెటా గారికి చెప్పు. నేను చెప్పను" అంది. "ఇవాళే."

అత్త వచ్చాక చెప్పాను. కోటు కూడా విప్పలేదు ఆమె, టోపీతోనే విన్నది.

"మొదట్నించీ తెలుసా?"

"తెలుసు."

"నేను దాన్ని చేపల చేతులని తిడుతుంటే పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావే? తాళంచెవి నీకే అన్నాను కదా."

"అందుకే."

అత్త మెల్లిగా కుర్చీలో కూర్చుంది. వంకర్లు తిరిగిన వేళ్ళతో హ్యాండ్‌బ్యాగు తెరవడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. తాళంచెవి తీసి ఇష్బెల్ ముందు, సుద్దముక్కల పక్కన పెట్టింది. "ఈస్టర్ దాకా ఆగను. ఆ మాటలకి నన్ను క్షమించు తల్లీ" అంది ఆమెతో. నాతో, "నువ్వుంటావో పోతావో ఇంక దాన్ని అడుగు, నన్ను కాదు" అంది. మీ నాన్నకి నేనే చెప్తానని కూడా అంది.

ఇష్బెల్ తాళంచెవి వైపు చూసింది, తీసుకోలేదు. "ముందు ఇది అవ్వనివ్వండి." చిన్న కత్తెరతో లైనింగు నాలుగు కుట్లు విప్పింది. నా పేరు తీసేద్దామనుకుంది. వేలు దూర్చి టేపు బయటికి లాగింది. చదివింది.

"ఇదేంటి?"

"నీ పేరు."

"కనపడుతోంది. నువ్వెందుకు రాశావు?"

ఆమె ఆ టేపుని మడిచి చెత్తబుట్టలో వేసింది, కోపంగా కాదు, దారం ముక్క పారేసినట్టు.

"నేను సోమవారం రావచ్చా?" అని అడిగాను.

"శనివారం పెళ్ళి అయ్యేదాకా నాతో మాట్లాడకు. సోమవారం ఎనిమిదింటికి రా. వచ్చాక చూస్తా, ఉంచుకోవాలో లేదో." కొత్త టేపు కత్తిరించింది. "నా పేరు నేనే రాసుకుంటా."

పెన్ను తీసుకుని బల్ల మీదికి వంగింది. పక్కనే నిలబడి చూశాను. తొందరేం లేకుండా రాసింది, ప్రతి అక్షరం గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కుదురుకుని.

చేతిరాత కూడా నాకంటే బాగుంది.